ఇంజన్ విప్పించే ముందు పొగ ఏ వేళ వస్తోందో చూడండి

కందుకూరు నుంచి మీరు రాసిన ప్రశ్నను రెండుసార్లు చదివాను. 2013లో కొన్న 1.2 లీటర్ల పెట్రోలు కారు, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలి ఛాయ ఉన్న పొగ గుప్పున వచ్చి అర నిమిషంలో పోతోందనీ, ఈ మధ్య రైల్వే గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా పది నిమిషాలు ఆగి కదిలినప్పుడు కూడా అదే పొగ కనిపిస్తోందనీ, రోడ్డు మీద నడుస్తున్నప్పుడు మాత్రం ఏమీ లేదనీ రాశారు. వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు ఆయిల్ తగ్గుతోంది, కూలెంట్ తగ్గడం లేదు, హీటు ముల్లు పెరగడం లేదు. ఒక మెకానిక్ పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పోయాయి, ఇంజన్ పని చేయించాలి, 45 వేలు అవుతుందన్నాడు. మరొకరు ఇంజన్ పై భాగమైన హెడ్‌కూ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయిందన్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

నేను నెల్లూరులో 27 ఏళ్లుగా పెట్రోలు ఇంజన్ల మీదే పని చేస్తున్నాను. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నాకు తోచేది ఆ రెండూ కాదు, వాల్వ్ కాడల వెంట ఆయిల్ జారకుండా ఆపే రబ్బరు వాల్వ్ సీల్స్. అయితే బండిని కళ్లతో చూడకుండా ఇదే అని ఖాయం చేయడం తప్పు కాబట్టి, ఎలా తేల్చుకోవాలో వివరంగా రాస్తాను. ఒక్క మాట మాత్రం ముందే చెబుతున్నాను: పరీక్ష చేయకుండా, పొగ రంగు ఒక్కటే చూసి ఇంజన్ దించుతానన్న వారికి బండి అప్పగించకండి.

నీలి పొగ వచ్చిందంటే ఇంజన్ ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలుతోందని అర్థం. ఆ మాటలో మీ మెకానిక్ పొరపాటు ఏమీ లేదు. కానీ ఆయిల్ సిలిండర్‌లోకి రావడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి కింది నుంచి, పిస్టన్ రింగులను దాటుకుని. రెండోది పై నుంచి, హెడ్‌లో ఉన్న వాల్వ్ కాడల వెంట. ఈ రెండు దారుల్లో ఏది తెరుచుకుందో పొగ రంగు చెప్పదు, పొగ వచ్చే వేళ చెబుతుంది. ఇంజన్ ఆపాక హెడ్ మీద మిగిలిన ఆయిల్, గట్టిపడిపోయిన సీల్స్ గుండా రాత్రంతా చుక్క చుక్కగా జారి పిస్టన్ తల మీదా, వాల్వ్ వెనకా చేరి ఉంటుంది. పొద్దున మొదటి మంటకు అదంతా కాలి ఒక్కసారి గుప్పుమంటుంది. కాలడం అయిపోగానే పొగ ఆగిపోతుంది. ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ నడుస్తూ, గాలి దారిని తెరిచే థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌లో పీల్పు బలంగా ఉంటుంది కనుక ఇన్‌టేక్ వాల్వ్ గైడ్ గుండా ఆయిల్ కిందికి లాగబడుతుంది. మీకు రైల్వే గేటు దగ్గర కనిపించింది సరిగ్గా ఇదే.

రింగులు అరిగిన ఇంజన్ తీరు వేరు. అది బరువు మోసేటప్పుడు పొగ విడుస్తుంది. ఎత్తు ఎక్కుతున్నా, నలుగురిని ఎక్కించుకుని గేరు మార్చి ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కినా వెనక బండి వారికి నీలి తెర కనిపిస్తుంది. పికప్ తగ్గుతుంది. ఆయిల్ పోసే మూత తీసి ఇంజన్ నడిపిస్తే, మూతి నుంచి పొగ దమ్ము కొట్టినట్టు ఆగి ఆగి బయటికి తన్నుతుంది. సీల్స్ మాత్రమే పోయిన బండిలో ఆ తన్ను ఉండదు. మూతి మీద పలచని కాగితం ముక్క పెడితే మెల్లగా లోపలికి అతుక్కున్నట్టు ఉంటుంది, లేదా పెద్దగా కదలదు.

ఈ తేడా కళ్లారా చూడాలంటే మన ప్రాంతంలో గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే నల్లమల ఘాట్ కంటే మంచి చోటు లేదు. ఎక్కేటప్పుడు పొగ విడిచి, దిగేటప్పుడు శుభ్రంగా ఉన్న బండి రింగుల వైపు వేలు చూపిస్తుంది. ఎక్కేటప్పుడు ఏమీ లేకుండా, ఆక్సిలరేటర్ వదిలేసి రెండో గేరులో చాలాసేపు దిగి, కింద చదునుకు వచ్చాక మళ్లీ తొక్కగానే ఒక మబ్బు వదిలితే అది వాల్వ్ సీల్స్ పని. మీరు ఘాట్ దాకా పోనక్కర లేదు. మీ ఊరి నుంచి వాహనాలు లేని రోడ్డు చూసుకుని, వెనక బండిలో మనిషిని పెట్టి, మూడో గేరులో వేగం అందుకున్నాక పాదం పూర్తిగా తీసేసి పది పదిహేను సెకన్లు బండిని దానంతట దాన్ని తగ్గనిచ్చి, తర్వాత మళ్లీ తొక్కండి. వెనక ఉన్న మనిషి ఎప్పుడు పొగ చూశాడో కచ్చితంగా చెప్పాలి.

ఇక తేల్చి చెప్పే పరీక్ష కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి చేరుతోందో చూడటం. అరగంట పని. ఇంజన్ వేడెక్కాక నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీయాలి, ఫ్యూయల్ పంప్ ఫ్యూజు తీసేయాలి, కాయిల్స్ కనెక్షన్ విప్పాలి, ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని, నిండుగా చార్జి ఉన్న బ్యాటరీతో ఒక్కో సిలిండర్‌కు గేజు బిగించి సెల్ఫ్ కొట్టాలి. అంకె రాసుకున్నాక అదే సిలిండర్‌లో ఒక టీ చెంచాడు ఇంజన్ ఆయిల్ వేసి మళ్లీ చూడాలి. ఆయిల్ వేశాక అంకె బాగా పెరిగితే, ఆ ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందును మూసిందన్న మాట, అంటే లోపం రింగుల దగ్గరే. తక్కువగా ఉన్న అంకె పెరగకుండా అక్కడే ఉంటే గాలి వాల్వుల దగ్గరో, గాస్కెట్ దగ్గరో పోతోంది. పొడిగా చూసినప్పుడే నాలుగూ బాగుండి, ఒకదానికొకటి పది శాతం లోపు తేడాలోనే ఉంటే రింగులు గాలిని బాగానే ఆపుతున్నాయి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. పిస్టన్‌కు అడుగున ఉండే ఆయిల్ రింగు మసి పట్టి బిగుసుకుపోయినా పై రెండు రింగులు బాగుంటే కంప్రెషన్ సరిగ్గానే చూపిస్తుంది. అందుకే గేజు అంకెను, పొగ వేళను కలిపి చదవాలి. ఒకటి విడిచి ఒకటి చదివితే మోసపోతాం.

నాకు బాగా గుర్తున్న బండి ఒకటి చీమకుర్తి నుంచి వచ్చింది. క్వారీల మధ్య రోజూ తిరిగే కారు, 60 వేల కిలోమీటర్లకే ఎత్తు ఎక్కితే నీలి పొగ. పొడి కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ 100, 110 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) మధ్య వచ్చింది. చెంచాడు ఆయిల్ వేయగానే 155 దాటింది. రింగులు పోయాయని తేలింది, కానీ అంత తొందరగా ఎందుకు పోయాయో తెలియకుండా కొత్త రింగులు వేస్తే అవీ అదే దారి పడతాయి. ఎయిర్ ఫిల్టర్ దాటిన తర్వాత వచ్చే రబ్బరు గొట్టం విప్పి లోపల వేలు పెట్టి రాశాను. వేలికి బూడిద రంగు రాతి పొడి అంటుకుంది. ఫిల్టర్ దాటాక అక్కడ దుమ్ము అన్నదే ఉండకూడదు. ఫిల్టర్ తీసి వెనక బల్బు పెట్టి చూస్తే సూది బెజ్జాల్లాంటి వెలుగు చుక్కలు. నెల నెలా గాలి కొట్టి శుభ్రం చేసి, అదే కాగితం ఫిల్టర్‌ను రెండేళ్లు వాడారు. గాలి కొట్టిన ప్రతిసారీ కాగితం పలచబడుతుంది. రాతి పొడి, సున్నపు పొడి ఉన్న చోట ఫిల్టర్‌ను కడగడం, ఊదడం మానేసి కంపెనీ చెప్పిన గడువులో సగానికే కొత్తది వేయండి. ఆ ఇంజన్‌కు రింగులతో పాటు సిలిండర్ పని కూడా తప్పలేదు. కొత్త ఫిల్టర్ ఖర్చు దానిలో వందో వంతు కూడా ఉండదు.

దీనికి పూర్తిగా ఎదురు కథ కావలి నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయుడి కారుది. వేరే చోట ఇంజన్ విప్పి బోర్ చేసి, కొత్త పిస్టన్లు వేయించుకున్నారు. పొగ తగ్గలేదు. నేను చేసిందల్లా పీసీవీ వాల్వ్ తీసి చెవి దగ్గర ఆడించి చూడటం. లోపల గోలీ కదిలిన చప్పుడు రావాలి, రాలేదు. ఇంజన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్‌లో పుట్టే ఆవిరిని కొలతగా మానిఫోల్డ్‌లోకి పంపే చిన్న వాల్వ్ అది. తెరిచిన స్థితిలో బిగుసుకుపోతే ఆవిరితో పాటు ఆయిల్‌నూ లాగేస్తుంది. మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను ఎక్కడ సందు దొరికితే అక్కడికి తోస్తుంది. కొన్ని వందల రూపాయల వస్తువు. దాన్ని మార్చి గొట్టాలు శుభ్రం చేస్తే పొగ పోయింది. ఆయన ఏమీ అనలేదు, కానీ ఆ బిల్లు కాగితం చూపించినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. మీ బండికి కూడా ఏ పనైనా చేసే ముందు ఈ వాల్వ్ చూడమని చెప్పండి. అలాగే డిప్ స్టిక్ మీద ఆయిల్ పై గీత దాటి ఉందేమో కూడా చూడండి. ఎక్కువ పోసినందుకే పొగ వచ్చిన బండ్లు తక్కువేమీ కాదు.

కొత్తగా వస్తున్న టర్బో పెట్రోలు కార్లలో టర్బో సీల్ గుండా వచ్చే ఆయిల్ కూడా నీలి పొగకు కారణమవుతుంది. మీ కారుకు టర్బో లేదు కనుక దాని జోలికి పోను.

ఇక హెడ్ గాస్కెట్ అన్న రెండో మెకానిక్ మాట. గాస్కెట్ పోతే ఎక్కువగా వచ్చేది తెల్ల పొగ. తెల్లగా కనిపించేదల్లా భయపడాల్సింది కూడా కాదు. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరు పుడుతుంది. ధనుర్మాసంలో మంచు పట్టిన పొద్దున చల్లని సైలెన్సర్‌లో ఆ ఆవిరి చల్లబడి నీటి తుంపరగా మారి తెల్లగా కనిపించడం, చివర నుంచి నీటి చుక్కలు రాలడం మంచి ఇంజన్‌కు కూడా ఉండేదే. సైలెన్సర్ వేడెక్కాక అది పోతుంది. రోహిణి కార్తె మధ్యాహ్నం, ఇరవై కిలోమీటర్లు నడిచిన ఇంజన్ నుంచి దట్టమైన తెల్ల పొగ వస్తూ, గాలిలో కరిగిపోకుండా వేలాడుతూ, తియ్యటి వాసన వేస్తే అప్పుడు కూలెంట్ లోపలికి పోతోందని అనుమానించాలి. ఆ వాసన కూలెంట్‌లోని గ్లైకాల్‌ది. పరీక్ష కోసం దగ్గరగా ముక్కు పెట్టి పీల్చకండి, సైలెన్సర్‌కు దూరంగా నిలబడినా తెలుస్తుంది.

కూలెంట్‌దా, ఆయిల్‌దా అని సందేహం ఉంటే సైలెన్సర్ మూతికి జానెడు దూరంలో తెల్ల కాగితం అర నిమిషం పట్టుకుని తీసి నీడలో ఆరనివ్వండి. నీటి చుక్కలైతే ఆరిపోతాయి. ఆయిల్ అయితే కాగితం మీద బజ్జీల పొట్లం మరకలా మిగిలిపోతుంది, వెలుగుకు ఎత్తి పడితే ఆ చోటు పారదర్శకంగా కనిపిస్తుంది. రేపు పొద్దున మొదటి స్టార్ట్‌లో మీరే చేసి చూడండి.

మీ కూలెంట్ తగ్గడం లేదన్నారు, హీటు ముల్లు పెరగడం లేదన్నారు. ఈ రెండూ నిజమైతే గాస్కెట్ మీద నా అనుమానం తక్కువ. తేల్చుకోవడానికి, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దునే, రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి చూడండి. మొదట రెండు మూడు బుడగలు సహజం. ఇంజన్ నడుస్తున్నంత సేపూ అన్నం ఉడికినట్టు ఆగకుండా బుడగలు వస్తుంటే సిలిండర్ గాలి నీటిలోకి వస్తోంది. వేడి ఇంజన్‌కు ఆ మూత ఎప్పుడూ తీయకండి. మూత బిగించి ఉన్నంత వరకు ఒత్తిడి వల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు, మూత తీసిన క్షణంలో మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. అలా చేతులు, ముఖం కాల్చుకున్న కుర్రవాళ్లను నా కళ్లతో చూశాను. ఇంకా గట్టిగా తేల్చాలంటే నీలం రంగు ద్రవంతో చేసే బ్లాక్ టెస్ట్ ఉంది. రేడియేటర్ మూతి దగ్గరి గాలిలో సిలిండర్ నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ఉంటే ఆ ద్రవం పసుపు రంగుకు తిరుగుతుంది. ప్లగ్గులు తీసినప్పుడు మూడు గోధుమ రంగులో ఉండి ఒక్కటి మాత్రం కడిగినట్టు తెల్లగా ఉంటే, నీరు పోతున్నది ఆ సిలిండర్‌లోకే. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లకు మాత్రమే కంప్రెషన్ తక్కువగా ఉంటే ఆ రెండింటి మధ్య గాస్కెట్ కాలిపోయి ఉండవచ్చు.

ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెల్లటి జిడ్డు చూపించి గాస్కెట్ పోయిందని చెప్పేవారు చాలామంది ఉన్నారు. రోజుకు రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో ఆయిల్ పూర్తిగా వేడెక్కక, లోపలి ఆవిరి మూత దగ్గర చేరి అదే జిడ్డు కడుతుంది. తుడిచేసి, ఒంగోలు దాకా ఒకసారి నడిపి వచ్చి మళ్లీ మూత తీయండి. డిప్ స్టిక్‌కు కూడా అదే మీగడ అంటితే అప్పుడు ఆందోళన పడాలి.

గాస్కెట్ గురించి మన జిల్లాల వారికి చెప్పవలసిన మాట వేరే ఉంది. కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చే బండ్లలో రేడియేటర్ తెరిస్తే టీ కెటిల్ అడుగులా తెల్లని గట్టి పొర కనిపిస్తుంది. బోరు నీళ్లు పోసిన ఫలితం అది. సముద్రం వైపు రొయ్యల చెరువుల దగ్గర తిరిగే బండ్లకు ఉప్పు నీళ్లు పోసి అల్యూమినియం తినేసిన హెడ్‌లను కూడా చూశాను. పొర కట్టిన రేడియేటర్ వేడిని వదలలేదు, ఇంజన్ హీటెక్కుతుంది, అల్యూమినియం హెడ్ వంగుతుంది, గాస్కెట్ పట్టు వదులుతుంది, తెల్ల పొగ మొదలవుతుంది. చాలా ఇంజన్లకు హెడ్ వంపు 0.05 మిల్లీమీటర్ల దగ్గరే ప్రమాదం మొదలవుతుంది, అది తల వెంట్రుక మందం కన్నా ఎక్కువేమీ కాదు. దారిలో నీళ్లు తక్కువై తప్పని పరిస్థితిలో ఏ నీళ్లయినా పోయండి, కానీ ఇంటికి చేరాక వాటిని తీసేయించి డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ నింపించండి.

మీ ప్రశ్నలో లేకపోయినా ఇంకొకటి రాయాలి. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతూ, చక్రాల దగ్గర ఎక్కడా తడి లేకపోతే, బ్రేకుల మాస్టర్ సిలిండర్ వెనక సీల్ కారి, ఇంజన్ పీల్పుతో పనిచేసే బ్రేక్ బూస్టర్‌లోకి చేరిన బ్రేక్ ఆయిల్‌ను ఇంజన్ పీల్చుకుంటూ ఉండవచ్చు. దాని పొగ కూడా దట్టంగా తెల్లగానే ఉంటుంది. అరుదైనదే, కానీ బ్రేకులకు సంబంధించినది కనుక తెల్ల పొగ బండి ఏది వచ్చినా నేను ఆ డబ్బా చూడకుండా వదలను.

నల్ల పొగ విషయం కొంచెం తేలిక. పెట్రోలు ఎక్కువై గాలి చాలకపోతే కాలని కార్బన్ మసిగా బయటికి వస్తుంది. ఒక వంతు పెట్రోలుకు బరువులో 14.7 వంతుల గాలి కావాలి. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, కారే ఇంజెక్టర్, తప్పు చెప్పే సెన్సర్లు ఈ లెక్కను చెడగొడతాయి. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే పీ0172 అన్న కోడ్ కనిపించవచ్చు. ఆ కోడ్ మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైందని మాత్రమే చెబుతుంది, ఏ భాగం మార్చాలో చెప్పదు. కోడ్ చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేసి, అసలు లోపం మరో చోట ఉన్నందువల్ల మళ్లీ నల్ల పొగతోనే తిరిగిన బండ్లు ఎన్నో. నేను మొదట చూసేది కూలెంట్ టెంపరేచర్ అంకె. రాత్రంతా ఆగిన ఇంజన్‌లో అది లోపలికి వచ్చే గాలి వేడితో దాదాపు సమానంగా ఉండాలి. నెల్లూరులో అది మైనస్ 40 చూపిస్తే సెన్సర్ తీగ తెగింది. ఇంజన్ ఎంత నడిచినా 60, 65 దాటకపోతే, ఇంజన్ వేడెక్కే దాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోకుండా ఆపే థర్మోస్టాట్ లేదు, లేదా తెరుచుకునే ఉండిపోయింది. మన ఎండలకు థర్మోస్టాట్ అక్కర లేదని తీసి పారేసే అలవాటు ఇక్కడి షెడ్లలో ఇంకా ఉంది. అది లేని ఇంజన్ ఎప్పటికీ చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, మసి పట్టిన ప్లగ్గులు మిస్సింగ్ ఇస్తాయి, పెట్రోలు ఆయిల్‌లో కలిసి దాన్ని పలచబరుస్తుంది. డిప్ స్టిక్‌ను వాసన చూస్తే పెట్రోలు ఘాటు తెలుస్తుంది. థర్మోస్టాట్ తీయడం రేడియేటర్ లోపానికి మందు కాదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ కాగితాన్ని కూడా పారేయకండి, అందులోని అంకెలు ఎంతో చెబుతాయి. బీఎస్-4 కాలుష్య ప్రమాణాల పెట్రోలు కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం (పది లక్షల్లో 200 వంతులు) దాటకూడదు. మోనాక్సైడ్ ఎక్కువైతే మిశ్రమంలో పెట్రోలు ఎక్కువైంది. మోనాక్సైడ్ సరిగ్గా ఉండి హైడ్రోకార్బన్లు మాత్రమే పెరిగితే మిస్సింగో, ఆయిల్ కాలడమో చూడాలి. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూస్తే బండి ఆరోగ్యం ఎటు నడుస్తోందో అర్థమవుతుంది.

ఇప్పుడు మీ బండి విషయానికి వస్తాను. ఈ వారం ముందుగా పీసీవీ వాల్వ్, ఆయిల్ మట్టం చూపించి, కాగితం పరీక్ష మీరే చేయండి. తర్వాత కంప్రెషన్ పొడిగా ఒకసారి, ఆయిల్ వేసి ఒకసారి చూపించండి. ఆ అంకెలు బాగుంటే వాల్వ్ సీల్స్ మార్పించండి. దీనికి హెడ్ దించవలసిన అవసరం చాలా ఇంజన్లలో లేదు. ప్లగ్గు రంధ్రం గుండా సిలిండర్‌లోకి గాలి ఒత్తిడి పట్టి వాల్వ్ కింద పడకుండా ఆపి, స్ప్రింగు నొక్కి, పైనుంచే పాత సీల్ లాగి కొత్తది వేయవచ్చు. పాత సీల్‌ను మీ చేతికి ఇవ్వమనండి. రబ్బరు గోటితో నొక్కితే దిగకుండా ప్లాస్టిక్‌లా గట్టిగా ఉంటే, పొగకు కారణం మీ చేతిలో ఉన్నట్టే. కొత్త సీల్ వేసే ముందు వాల్వ్ కాడను అటూ ఇటూ ఊపి చూడమని కూడా చెప్పండి. గైడ్ బాగా అరిగి కాడ ఊగుతుంటే కొత్త సీల్ కూడా ఎక్కువ కాలం నిలవదు, అప్పుడు హెడ్ దించడం తప్పదు.

పొగ కనబడకుండా చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సన్నని ఆయిల్ దారుల కోసం తయారైన ఇంజన్‌లో ఆ ఆయిల్ పొద్దున స్టార్ట్ చేయగానే పైకి చేరడానికి ఆలస్యమవుతుంది, కామ్‌షాఫ్ట్ పొడిగా తిరుగుతుంది. మాన్యువల్‌లో రాసిన గ్రేడే వాడండి. వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు తగ్గడం ఇంజన్‌ను వెంటనే ఆపవలసినంత ప్రమాదం కాదు. కొన్ని కంపెనీల మాన్యువళ్లలో అర లీటరు దాకా సహజమనే రాసి ఉంటుంది. కానీ కాలిన ఆయిల్‌లోని భాస్వరం, జింకు, సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ను మెల్లమెల్లగా పాడుచేస్తాయి, అది సీల్స్ కంటే ఎన్నో రెట్లు ఖరీదు. అందుకే నెలల తరబడి వాయిదా వేయకండి, అప్పటి దాకా వారానికోసారి చదును నేల మీద డిప్ స్టిక్ చూస్తూ ఉండండి.

నాలుగు సిలిండర్లకు పొడిగా వచ్చిన అంకెలు, ఆయిల్ వేశాక వచ్చిన అంకెలు, ఒక్కో ప్లగ్గు రంగు వరుస తప్పకుండా రాసి పంపండి. రింగుల మాట వాటిని చూశాకే మాట్లాడదాం.